పన్నుకు ఉద్యోగి, ఫిర్యాదుకు సన్యాసిని

2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన పత్రికల్లో పన్నుల వార్తగా వచ్చి పోయింది. ప్రభుత్వ సాయంతో నడిచే విద్యాసంస్థల్లో పాఠాలు చెప్పే కేథలిక్ నన్‌లు, ఫాదర్ల జీతాల్లోంచి ఆదాయపు పన్ను మినహాయించాలా, వద్దా అన్నది అక్కడ వివాదం. పేదరిక వ్రతం తీసుకున్న నన్‌కు సొంతమంటూ ఏదీ ఉండదనీ, చర్చి కేనన్ చట్టం దృష్టిలో ఆమె ‘పౌర మరణం’ పొందినట్టేననీ, జీతం ఆమె చేతికి రాకుండా నేరుగా తన మఠానికే చేరుతుందనీ చర్చి సంస్థలు వాదించాయి. కోర్టు ఒప్పుకోలేదు. జీతం ఎవరు చేసిన పనికి వస్తుందో అది వాళ్ల ఆదాయమే, ఆ తర్వాత దాన్ని ఎవరికి ఇచ్చుకున్నా పన్ను పన్నే అని తేల్చింది.

ఈ తీర్పుతో మాకు పేచీ లేదు. మేం అడిగేది వేరు. జీతం దగ్గర ఆ నన్ ఉద్యోగి అయినప్పుడు, తన మీద అధికారం ఉన్న మతపెద్ద లైంగికంగా వేధించాడని ఆమె ఫిర్యాదు చేసిన రోజున కూడా ఉద్యోగే కావాలి కదా? ఫిర్యాదు చేసినందుకు ఆమెను పదిహేను వందల మైళ్ల అవతలికి బదిలీ చేస్తే, వంటగది నుంచి వెలివేస్తే, మఠం నుంచి గెంటేస్తే, దాన్ని యజమాని కక్షసాధింపుగా చూడాలి కదా? ఈ దేశంలో అలా జరగడం లేదు. పన్ను అధికారి ముందు ఆమె ఉద్యోగి. వేధింపుల కమిటీ ముందు మాత్రం ఆమె దేవుడి బిడ్డ, విధేయురాలు, సేవకురాలు. అసలు చాలాచోట్ల ఆ కమిటీయే లేదు.

కురవిలంగాడ్ కాన్వెంట్ కథ పాఠకులకు తెలిసిందే. అయినా దాన్ని అత్యాచారం కేసుగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. కక్షసాధింపు కేసుగా ఎప్పుడూ చదవలేదు. 2018 జూన్‌లో మిషనరీస్ ఆఫ్ జీసస్ సభకు చెందిన ఒక నన్, 2014 నుంచి 2016 వరకు జలంధర్ బిషప్ ఫ్రాంకో ములక్కల్ తనపై పలుమార్లు అత్యాచారం చేశాడని కేరళ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. ఆ సభ జలంధర్ డయోసిస్ పరిధిలోనిది. అంటే ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేసిందో ఆయనే ఆమె సంస్థకు పై అధికారి. పోలీసుల దగ్గరికి వెళ్లడానికి ముందు ఆమె చర్చి పెద్దలకు మొరపెట్టుకుంది, ఢిల్లీలోని పోప్ రాయబారికి కూడా రాసింది. ఎవరూ పలక్కపోతేనే పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆమెకు తోడుగా ఐదుగురు సిస్టర్లు కొచ్చిలో హైకోర్టు దగ్గరి కూడలిలో ధర్నాకు కూర్చున్నారు. దేశంలో నన్‌లు ఒక బిషప్ అరెస్టు కోసం నడిరోడ్డున కూర్చోవడం అంతకు ముందు మనం చూడలేదు. సెప్టెంబరు 21న బిషప్ అరెస్టయ్యాడు.

తర్వాత నాలుగు నెలలు తిరక్కుండానే, 2019 జనవరిలో, ఆ ధర్నాలో కూర్చున్న సిస్టర్లలో నలుగురికి బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. ఒకరు పంజాబుకు, ఒకరు బీహారుకు, ఒకరు జార్ఖండుకు, ఒకరు కేరళలోనే కన్నూరుకు. నలుగురినీ నాలుగు దిక్కులకు. వాళ్లు కేసులో సాక్షులు. ఇవి మామూలు బదిలీలేననీ, కేసుతో సంబంధం లేదనీ సభ చెప్పుకుంది. ఏ యజమాని మాత్రం వేరే మాట చెబుతాడు? గొడవ పెద్దదయ్యాక, కేసు అవసరం ఉన్నంత కాలం వాళ్లు కురవిలంగాడ్‌లోనే ఉండవచ్చని డయోసిస్ తాత్కాలిక పాలనాధికారి ఫిబ్రవరిలో రాశారు. ఆ ఉత్తరం మీద కూడా డయోసిస్ లోపల నుంచే భిన్నస్వరాలు వినిపించాయి.

ఆ ధర్నాకు మద్దతుగా వెళ్లిన మరో సభ సిస్టర్ లూసీ కలప్పుర పరిస్థితి ఇంకా ఘోరం. ఆమెది ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభ. 2019 జనవరిలో హెచ్చరిక నోటీసు, ఆగస్టులో సభ నుంచి బహిష్కరణ. నేరాల జాబితా చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు: డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంది, కారు కొంది, కవితల పుస్తకం అచ్చేసింది, టీవీ చర్చల్లో మాట్లాడింది. ఇవన్నీ పేదరిక, విధేయతా వ్రతాల ఉల్లంఘన అన్నారు. రోమ్‌కు చేసుకున్న అప్పీళ్లు కూడా వీగిపోయాయి. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. మామూలు కంపెనీలో పొగబెట్టేది హెచ్ఆర్ విభాగం, దానికి ‘పనితీరు బాగాలేదు’ అని పేరు పెడతారు. ఇక్కడ పొగబెట్టేది మఠం, దానికి ‘అవిధేయత’ అని పేరు.

2022 జనవరి 14న కొట్టాయం అదనపు సెషన్స్ కోర్టు బిషప్‌ను నిర్దోషిగా విడుదల చేసింది. ఆరోపణల్ని ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందని చెప్పింది. తీర్పు మీద రాష్ట్ర ప్రభుత్వం, ఫిర్యాదుదారు కేరళ హైకోర్టుకు అప్పీలు చేసుకున్నారు. 2023 జూన్‌లో బిషప్ రాజీనామాను వాటికన్ ఆమోదించింది. ఈ వాస్తవాలన్నీ ఇక్కడ చెప్పడం న్యాయం. కానీ చాలామంది విద్యావంతులు కూడా ఇక్కడే ఒక పొరపాటు చేస్తున్నారు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు కాబట్టి ఆ సిస్టర్ల మీద జరిగిందేదీ కక్షసాధింపు కాదంటున్నారు. నేరం రుజువు కావడం, కాకపోవడం క్రిమినల్ కోర్టు లెక్క. మంచి నమ్మకంతో ఫిర్యాదు చేసిన స్త్రీని, ఆమె పక్కన నిలబడిన సాక్షిని ఫిర్యాదు చేసినందుకే శిక్షించడం వేరే తప్పు. దానికి దాని రుజువులు, దాని పరిహారం ఉండాలి. అమెరికా ఉపాధి చట్టాల్లో ఈ తేడా స్పష్టంగా ఉంది. అసలు వివక్ష ఆరోపణ ఓడిపోయినా, ఆరోపణ చేసినందుకు ఉద్యోగం తీసేశారన్న కేసు గెలవవచ్చు. మన చట్టంలో ఆ తేడా లేదు.

లేదని ఎందుకంటున్నామో వివరంగా చెప్పాలి. 1997 ఆగస్టులో విశాఖ తీర్పు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఫిర్యాదు విచారణ జరిగేటప్పుడు బాధితురాలినీ, సాక్షుల్నీ వేధించకుండా, వివక్ష చూపకుండా యజమాని చూసుకోవాలన్న నిబంధన ఉంది. ఆ మార్గదర్శకాల స్థానంలో 2013లో వచ్చిన పోష్ చట్టంలో వెతికితే కక్షసాధింపును నిషేధించే ప్రత్యేక సెక్షన్ ఒక్కటీ దొరకదు. మూడో సెక్షన్‌లో ఉద్యోగానికి ముప్పు తెస్తామనే బెదిరింపు వేధింపు కిందికి వస్తుంది, అంతవరకే. సాక్షి సంగతి అసలు లేదు. బాధితురాలు రాతపూర్వకంగా కోరితే విచారణ కాలంలో బదిలీ గానీ, మూడు నెలల దాకా సెలవు గానీ ఇప్పించవచ్చు. కానీ ఆమె కోరని బదిలీ చేస్తే ఏమిటి శిక్ష? చట్టం మాట్లాడదు. దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు శిక్ష ఏమిటో మాత్రం పద్నాలుగో సెక్షన్ పెట్టుకుని మరీ చెప్పింది. కమిటీ వెయ్యని యజమానికి జరిమానా 50,000 రూపాయల దాకా. ఒక పెద్ద మఠానికో, ఆశ్రమానికో అది హుండీలో ఒక పూట రాబడి కూడా కాదు.

విశాఖ తీర్పు వెనకున్న స్త్రీని మన పాఠకులకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. భన్వరీ దేవి కుమ్మరి కులస్తురాలు. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో భటేరీ గ్రామంలో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. అంటే ఆ దాడే ఆమె చేసిన ఉద్యోగానికి ప్రతీకారం. తర్వాత ఊరు వెలివేసింది. 1995లో కింది కోర్టు నిందితుల్ని వదిలేస్తూ, పై కులపు మగవాళ్లు కింది కులం స్త్రీ జోలికి వెళ్లరన్న అర్థం వచ్చే మాటలు రాసింది. సాథిన్లను ప్రభుత్వం గౌరవ వేతనం మీద నడిచే కార్యకర్తలుగానే లెక్కగట్టింది, ఉద్యోగులుగా కాదు. కులం, కక్షసాధింపు, ‘నువ్వు ఉద్యోగివి కాదు’ అనే మాట. మన దేశంలో పని ప్రదేశపు లైంగిక వేధింపుల చట్టం ఈ మూడింటి మధ్య పుట్టింది. చట్టంగా అచ్చయ్యేసరికి కులం అందులో లేదు, కక్షసాధింపు లేదు. మూడోదానికి మాత్రం సమాధానం ఉంది. అదే ఇప్పుడు మనకు పనికొచ్చేది.

పోష్ చట్టం రెండో సెక్షన్‌లో ఉద్యోగి నిర్వచనం తీసి చదవండి. జీతం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా, ఉద్యోగ షరతులు పైకి చెప్పినవైనా లోపాయికారీగా ఉన్నవైనా, శిక్షణలో ఉన్నా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినా, ఇంకే పేరుతో పిలిచినా ఉద్యోగే. అంతేకాదు, వేధింపుకు గురైన స్త్రీ అక్కడ ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. యజమాని అంటే ఆ చోటును నిర్వహించే, పర్యవేక్షించే, అదుపులో ఉంచే మనిషి. పని ప్రదేశాల జాబితాలో ట్రస్టులున్నాయి, సొసైటీలున్నాయి, సేవలందించే సంస్థలున్నాయి, చివరికి నివాస గృహం కూడా ఉంది. సేవ, పిలుపు, దీక్ష, కైంకర్యం, విధేయత... పేరేదైనా ఆ నిర్వచనం అందుకుంటుంది. చట్టం రాసినవాళ్లు మతసంస్థల్ని మనసులో పెట్టుకున్నారో లేదో గానీ, మతసంస్థలు చెప్పే ప్రతి సాకుకూ సమాధానం ఆ వాక్యంలో ముందే రాసిపెట్టారు.

మరి సమస్య ఎక్కడ? చదివేవాళ్ల దగ్గర. 2022 మార్చిలో కేరళ హైకోర్టు సినిమా నిర్మాణ యూనిట్లకు అంతర్గత కమిటీ తప్పనిసరి అని చెప్పింది. అదే తీర్పులో రాజకీయ పార్టీలకు అక్కర్లేదంది, సభ్యులకూ పార్టీకీ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదని. ఈ తర్కాన్ని ఏ మఠాధిపతి లాయరైనా రేపు తన మఠానికి అతికించుకుంటాడు. సన్యాసినికీ మఠానికీ ఉన్నది ఆధ్యాత్మిక బంధమే తప్ప ఉద్యోగ బంధం కాదంటాడు. ఆ మాట అనగానే చట్టం గడప దగ్గరే ఆగిపోకూడదు.

ఈ గడపను మనకంటే ముందు చూసింది అమెరికా. మిషిగన్ రాష్ట్రంలో ఒక లూథరన్ చర్చి బడిలో పనిచేసే టీచరు జబ్బు చేసి సెలవు పెట్టింది. తిరిగి వస్తానంటే చేర్చుకోలేదు. కోర్టుకెళ్తానంది, ఉద్యోగం ఊడింది. చర్చి ఏమందో గమనించండి: క్రైస్తవులు తమ తగాదాల్ని లోపలే తీర్చుకోవాలన్నది మా విశ్వాసం, ఆమె కోర్టు పేరెత్తడమే ఆ విశ్వాసానికి ద్రోహం. అంటే కక్షసాధింపునే మతసిద్ధాంతంగా నిలబెట్టింది. 2012లో అమెరికా సుప్రీంకోర్టు హొసానా-టాబర్ కేసులో ఏకగ్రీవంగా చర్చి పక్షానే తీర్పిచ్చింది. మతబోధకుల్ని ఎవర్ని ఉంచుకోవాలో, ఎవర్ని తీసెయ్యాలో తేల్చేది మతసంస్థేననీ, ఆ టీచరు కూడా మతబోధకురాలి కిందికే వస్తుందనీ చెప్పింది. దానికి ఎనిమిదేళ్ల ముందు, ఎల్విగ్ కేసులో, సీనియర్ పాస్టర్ లైంగిక వేధింపుల మీద కేసు పెట్టిన ఒక మహిళా పాస్టర్ విషయంలో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు మధ్యేమార్గం పట్టింది. ఉద్యోగం తీసెయ్యడాన్ని మేం ప్రశ్నించలేం గానీ, వేధింపునీ, ఫిర్యాదు తర్వాత సాగిన తిట్లూ బెదిరింపుల్నీ విచారించగలం అంది. వేధింపు ఏ మతానికీ సిద్ధాంతం కాదు కదా అన్నది దాని సారాంశం. 2021లో ఏడో సర్క్యూట్ మరో కేసులో దీనికి విరుద్ధంగా, పని వాతావరణంలో వేధింపుల్ని కూడా విచారించలేమంది. అమెరికన్ రాజ్యాంగం చర్చి మీద చెయ్యి వెయ్యడానికి జంకుతుంది. దాని చరిత్ర దానిది.

మన రాజ్యాంగం అలాంటిది కాదు. ఇరవై ఆరో అధికరణం మతశాఖలకు ఇచ్చింది మతవిషయాల్లో తమ వ్యవహారాలు తాము చూసుకునే హక్కు. అదీ ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యానికి లోబడి. 1948 డిసెంబరు 2న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పింది ఇదే. ఈ దేశంలో మతం పుట్టుక నుంచి చావు దాకా బతుకంతటినీ ఆవరించి కూర్చుందనీ, దాన్నంతా మతమని ఒప్పుకుంటే సామాజిక చట్టం చేయడం సాధ్యం కాదనీ, మతం నిర్వచనాన్ని విశ్వాసాలకూ, మతపరమైన క్రతువులకూ పరిమితం చేయాలనీ ఆయన వాదించారు. ఆ రోజు చర్చ వ్యక్తిగత చట్టాల గురించి. ఆ కొలబద్దను ఈ రోజు మఠం గోడల మీద పెట్టి చూడండి. ఎవరికి అభిషేకం చేయాలి, ఎవరు బిషప్ కావాలి, ప్రార్థన ఏ భాషలో జరగాలి అన్నవి వాళ్లు చూసుకుంటారు. సాక్షిగా ఉన్న సిస్టర్‌ను జార్ఖండుకు బదిలీ చేయడం ఏ క్రతువు?

మన పాఠకుల్లో ఎక్కువమంది విద్యార్థులు, అధ్యాపకులు కాబట్టి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కక్షసాధింపును గుర్తించిన నిబంధనలు ఈ దేశంలో లేకపోలేదు. 2015 నాటి యూజీసీ నిబంధనల్లో ‘రక్షిత చర్య’ అనే నిర్వచనం ఉంది. వేధింపును వ్యతిరేకించడం, తన కోసం గానీ మరొకరి కోసం గానీ ఫిర్యాదు ప్రక్రియలో పాల్గొనడం, విచారణకు సహకరించడం దానికిందికి వస్తాయి. సాక్షి కూడా అందులో ఉంది. ఇప్పుడొక సిస్టర్‌ను ఊహించుకోండి. ఉదయం తన సభ నడిపే డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతుంది. అక్కడ ఆమె అధ్యాపకురాలు, యూజీసీ రక్షణ ఉంది, కాలేజీలో అంతర్గత కమిటీ ఉంది, జీతానికి పన్ను కోత ఉంది. సాయంత్రం అదే ఆవరణలో ప్రహరీ గోడ దాటి కాన్వెంట్‌లోకి వస్తుంది. అదే యాజమాన్యం, అదే పై అధికారి. ఇక్కడ కమిటీ లేదు, రక్షిత చర్య లేదు. ఉన్నదల్లా విధేయతా వ్రతం. మధ్యాహ్నం కాలేజీలో సాక్ష్యం చెప్పినందుకు సాయంత్రం కాన్వెంట్‌లో బదిలీ ఉత్తర్వు ఇస్తే, కాలేజీ కమిటీకి ఆ ఉత్తర్వు కనిపించదు.

ఇదంతా చదివి క్రైస్తవ సంస్థల మీదే పడ్డారని ఎవరైనా అంటే, సంఘ్ పరివార్ కూడా సరిగ్గా అదే వినాలనుకుంటోంది. చర్చి తప్పు దొరికితే మతమార్పిడి అని అరిచే నోళ్లు డేరాల దగ్గర మూతపడతాయి. డేరా సచ్చా సౌదాలో ఉంటున్న ఒక సాధ్వి 2002లో ప్రధానికి ఉత్తరం రాసింది, సంతకం లేకుండా. సంతకం ఎందుకు లేదో ఆ ఏడాదే తెలిసింది. ఆ ఉత్తరాన్ని అచ్చేసిన సిర్సా పత్రిక ‘పూరా సచ్’ సంపాదకుడు రామచందర్ ఛత్రపతి మీద అక్టోబరులో కాల్పులు జరిగాయి, నవంబరులో ఆయన చనిపోయారు. ఆ హత్య కేసులో డేరా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌ను సీబీఐ కోర్టు 2019లో దోషిగా తేల్చింది. అత్యాచారం కేసులో శిక్ష పడింది 2017 ఆగస్టులో, ఉత్తరం రాసిన పదిహేనేళ్లకు. ఆ తర్వాత ఆయన పెరోల్, ఫర్లో మీద ఎన్నిసార్లు బయటికి వచ్చాడో, అందులో ఎన్నిసార్లు ఎన్నికల ముందో పాఠకులే లెక్కపెట్టుకోవచ్చు. ఇప్పటి చట్టం ప్రకారం ఆ సాధ్వి అంతర్గత కమిటీకి వెళ్లాలంటే రాతపూర్వకంగా, మూడు నెలల్లోపు, తన పేరుతో ఫిర్యాదు ఇవ్వాలి. కమిటీని వేసేది ఎవరు? యజమాని. డేరాలో యజమాని ఎవరో వేరే చెప్పాలా?

మన బౌద్ధ విహారాలు కూడా దీనికి మినహాయింపు కాదు. భిక్షుణి ఎంత పెద్దదైనా నిన్న దీక్ష తీసుకున్న భిక్షువుకు మొక్కాలన్న పాత నియమాన్ని మనం ఇంకా గట్టిగా ప్రశ్నించుకోలేదు. మదర్సాల్లో వంట చేసే, పాఠాలు చెప్పే స్త్రీల సంగతీ అంతే.

తెలుగు నేలకొస్తే కులం కోణం మరింత పదునుగా కనిపిస్తుంది. లూసీ కలప్పుర కేరళలోని బలమైన సిరో-మలబార్ సమాజం నుంచి వచ్చిన మనిషి. ఆమెకు మీడియా ఉంది, పుస్తకం రాస్తే చదివేవాళ్లున్నారు. అయినా నిలవనివ్వలేదు. ఆంధ్ర, తెలంగాణ చర్చిల్లో విశ్వాసుల్లో అత్యధికులు మాల, మాదిగలు, పెత్తనం చాలాకాలం వేరే కులాలది. ఆ చర్చిల్లో, మిషన్ ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో బైబిల్ స్త్రీలుగా, ఆయాలుగా, వంటవాళ్లుగా, నన్‌లుగా పనిచేసే దళిత స్త్రీకి అగ్రకుల అధికారి నుంచి వేధింపు ఎదురైతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టగలదా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఆ దారి మూసేసింది. క్రైస్తవంలోకి వెళ్లినవారు ఆ చట్టాన్ని ఆశ్రయించలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఒక పాస్టర్ కేసులో మళ్లీ చెప్పింది. ఆమెను వేధించేవాడికి ఆమె కులం గుర్తుంటుంది. చట్టానికి మాత్రం గుర్తుండదు. ఇక మిగిలింది పోష్ చట్టం ఒక్కటే. అక్కడ సేవకురాలివి అంటారు.

ఆలయాల్లో ఈ ‘సేవ’ అనే మాట ఇంకా లోతుకు దిగింది. తిరుమలలో 2000 నుంచి నడుస్తున్న శ్రీవారి సేవలో వేలాదిమంది స్త్రీలు జీతం లేకుండా పనిచేసి వెళ్తారు. దేవాదాయ శాఖ ఆలయాల్లో ఊడ్చేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు, కల్యాణకట్టల్లో తలనీలాలు తీసే స్త్రీలు ఉన్నారు. వీళ్లలో చాలామంది మంగలి, మాల, మాదిగ, యానాది కులాల వాళ్లు, ఎక్కువగా కాంట్రాక్టరు కిందో, గుండుకింత అన్న లెక్కనో. అక్కడ వేధింపు జరిగిందని మేం ఇక్కడ ఆరోపించడం లేదు. జరిగితే వాళ్లందరూ చట్టం ముందు ఉద్యోగులేననీ, యజమాని కాంట్రాక్టరు ఒక్కడే కాదు, ఆలయ నిర్వాహకుడు కూడాననీ ఎంతమందికి తెలుసు?

అసలు దేవుడి పేరు మీద జీతం లేని కొలువులోకి నెట్టబడిన మొదటి స్త్రీ జోగిని. ఎల్లమ్మకో పోచమ్మకో పెళ్లి చేసి, జాతరలో చిందేయించి, శవం ముందు ఆడించి, ఊరి పెద్దలు అనుభవించిన మాదిగ, మాల ఆడపిల్ల. ఆమె చేసినదాన్ని ఎవరూ పని అనలేదు, ఆమెను వాడుకున్నదాన్ని ఎవరూ వేధింపు అనలేదు. అది ఆమె ధర్మం అన్నారు. కాదన్న జోగినికి ఊరు అన్నం పెట్టలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం తెచ్చింది. అది సమర్పణను నేరం చేసింది గానీ, ఆమె చేత ఊడిగం చేయించుకున్న ఊరు ఆమెకు బాకీ పడ్డ యజమాని అని చెప్పలేదు. ఇవాళ మఠంలో విధేయత అని వినిపిస్తున్న మాటకు మన ఊళ్లో మొదటి రూపం జోగిని ఇంటి గడప మీద ఉంది. అందుకే ఇది కేవలం మహిళా సంఘాల అంశమనో, క్రైస్తవ సంస్కరణవాదుల అంశమనో అంబేద్కరైట్లు పక్కన పెట్టడం కుదరదు.

మతసంస్థల్లో కొన్ని తమ దారిన తాము నియమాలు రాసుకున్నాయి. భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య 2017లోనే పని ప్రదేశపు లైంగిక వేధింపుల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. మరుసటి ఏడాదే కురవిలంగాడ్ సిస్టర్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. సొంత మార్గదర్శకాల విలువ అంతవరకే ఉంటుంది, తీర్పరి కూడా సొంతవాడే అయినప్పుడు.

మేం కోరే మార్పులు పెద్దవేమీ కావు. పోష్ చట్టంలో కక్షసాధింపును వేరే తప్పుగా చేర్చాలి. ఫిర్యాదుదారుతో పాటు సాక్షికి, తోడు నిలిచినవాళ్లకు అది వర్తించాలి. ఫిర్యాదు తర్వాత ఒక ఏడాది లోపు జరిగే బదిలీ, బహిష్కరణ, వసతి నిలిపివేత, మతపరమైన క్రమశిక్షణా చర్య ఏదైనా కక్షసాధింపేనని ముందుగా భావించి, కాదని నిరూపించే భారం సంస్థ మీద పెట్టాలి. మతసంస్థలో ఆరోపణ అధిపతి మీదనే అయినప్పుడు కేసు సంస్థ కమిటీకి కాక జిల్లా స్థానిక కమిటీకి పోవాలి. నిజానికి యజమాని మీదనే ఆరోపణ ఉంటే స్థానిక కమిటీకి పోవచ్చని ఇప్పటి ఆరో సెక్షన్ కూడా చెబుతోంది. మతపెద్దల దగ్గర మొరపెట్టుకుంటూ పోగొట్టుకున్న నెలల్ని మూడు నెలల గడువులోంచి తీసెయ్యాలి. చివరిది, అన్నిటికంటే గట్టిది: మఠం వదలాల్సి వచ్చిన స్త్రీకి ఇన్నేళ్ల పనికి పరిహారం, నివాసం. ఇరవై ఏళ్ల జీతం సభకు జమచేసిన సిస్టర్ బయటికి వస్తే చేతిలో బస్సు చార్జీ కూడా ఉండదు. కక్షసాధింపుకు అంతకంటే పదునైన ఆయుధం ఏముంది? ఆ జీతం ఆమెదేనని సుప్రీంకోర్టే చెప్పింది కదా, పన్ను కోసమైనా.

ఇది మైనారిటీల స్వేచ్ఛ మీద దాడికి సాకు అవుతుందన్న భయం మాకూ ఉంది. ఈ పాలనలో ఆ భయం ఉత్తది కాదు. మైనారిటీ సంస్థల బ్యాంకు ఖాతాలు మూసే ప్రభుత్వం రేపు కాన్వెంట్ల మీదికి మాత్రమే కమిటీల్ని పంపవచ్చు. అందుకే ఆశ్రమం, మఠం, ఆలయం, డేరా, చర్చి, మదర్సా, విహారం అన్నీ ఒకే జాబితాలో, ఒకే రోజున ఉండాలి. అమలు కూడా పోలీసు చేతిలో కాక స్థానిక కమిటీ చేతిలో ఉండాలి.

ఆ స్థానిక కమిటీల సంగతి చూద్దాం. గోవా విశ్వవిద్యాలయం కేసులో 2023 మేలో సుప్రీంకోర్టు పోష్ చట్టం అమలు తీరు మీద తీవ్ర అసంతృప్తి తెలిపింది. 2024 డిసెంబరు 3న మళ్లీ గడువులు పెట్టింది, ప్రతి జిల్లాలో జిల్లా అధికారి నియామకానికి, స్థానిక కమిటీ ఏర్పాటుకు, పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట్ల అంతర్గత కమిటీల సర్వేకు. ఆ సర్వేలో మీ జిల్లా మఠాలు, ఆలయాలు, కాన్వెంట్లు, హాస్టళ్లు ఉన్నాయా? న్యాయశాస్త్ర విద్యార్థులు, సామాజికశాస్త్ర విభాగాల పరిశోధకులు ఈ సెమిస్టరులో ఒక పని పెట్టుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో జిల్లా కలెక్టరేట్‌కు రెండు ప్రశ్నలు పంపండి: స్థానిక కమిటీ అధ్యక్షురాలు ఎవరు, కమిటీ ఎప్పుడెప్పుడు సమావేశమైంది? జిల్లాలో అంతర్గత కమిటీ వేసిన మతసంస్థలు ఎన్ని, వాటి పేర్లేమిటి? జవాబులు మాకు పంపండి, జిల్లాలవారీగా ఇక్కడే అచ్చేస్తాం. జవాబు రాని జిల్లాల పేర్లు కూడా.